చూడని సినిమాకు నేను రాసిన మాటలు

టేకులపల్లి దాటాక అడవి దగ్గరపడే చోట ఒక చిన్న ఊళ్లో, రేకుల కప్పున్న సినిమా హాలులో నేను నాలుగేళ్లు ఆడవాళ్ల టికెట్ల కిటికీ దగ్గర పనిచేశాను. ఇప్పుడు ఆ హాలు లేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మా పక్కింటి చెల్లెళ్లు మాత్రం దాన్ని మరిచిపోనివ్వరు. "అక్కా, నువ్వు ఎవ్వరితోని మాట్లాడవు గదా, గంత జనంల నౌకరీ ఎట్ల చేసినవ్?" అని అడుగుతుంటారు. నోటితో చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు కాబట్టి రాసి ఇస్తున్నాను.

నిజానికి ఆ కిటికీ నాలాంటివాళ్ల కోసమే కట్టినట్టుండేది. కిటికీ అంటే కిటికీ కూడా కాదు, గోడలో చెయ్యి పట్టేంత కంత. అందులోంచి నాకు చేతులు మాత్రమే కనిపించేవి. గాజుల చేతులు, పచ్చబొట్ల చేతులు, మిరపకాయలు ఏరి ఏరి ఎర్రబడ్డ చేతులు. వాళ్లకు నా చేతులు కనిపించేవి. ముఖాలు చూసుకునే పనే లేదు. డిగ్రీ అయ్యాక ఖమ్మంలో రెండు ఇంటర్వ్యూలకు వెళ్లి, రెండుచోట్లా నా పేరు తప్ప ఇంకేమీ చెప్పలేక తిరిగొచ్చినదాన్ని. ఆ కంత దగ్గరి పని కంటే మంచి ఉద్యోగం ఉంటుందని ఆ రోజుల్లో నాకు తోచలేదు.

టికెట్లు చింపి ఇవ్వడం కాక నాకు ఇంకో పని ఉండేది. ఆటో మీద మైకు కట్టుకుని ఊరూరా తిరుగుతూ సినిమా గురించి చెబుతారు కదా, ఆ మాటలు నేను రాసేదాన్ని. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందనీ, కౌంటర్లో ఖాళీ దొరికితే పుస్తకం తీస్తాననీ గమనించి మేనేజర్ గారు ఆ పని అప్పగించారు. ఆయనది సత్తుపల్లి వైపు. "ఇదిగోనమ్మా, ఎలాగూ చదువుతున్నావు, చదివేవాళ్లకు రాయడం కూడా వస్తుంది" అన్నారు. అది నిజం కాదని తెలిసినా కాగితం తీసుకున్నాను.

నేను రాసింది మైకులో చదివేది చాచా. యాభై దాటిన మనిషి. ఆ ఊళ్లో మూడు తరాలుగా ఉన్న కుటుంబం వాళ్లది. వాళ్ల నాన్న దర్జీ, ఈయన మైకుసెట్టు పెట్టాడు. ఒకప్పుడు పెళ్లిళ్లకూ మీటింగులకూ ఆయన మైకే. పెద్ద పెద్ద స్పీకర్ల వాళ్లు ఖమ్మం నుంచి రావడం మొదలయ్యాక ఆయనకు మిగిలింది మా సినిమా ఆటో ఒక్కటే. దాన్ని ఆయన ఎంతో మర్యాదగల పనిగా చేసేవాడు. ఇస్త్రీ చొక్కా లేకుండా మైకు ముట్టుకునేవాడు కాదు. "బేటీ, నీ కాగితం అత్తరు. నేను సీసా మూత తీసుడే" అనేవాడు. నేను తల వంచుకుని నవ్వేదాన్ని.

ఇక్కడ పని సంగతి ఒకటి చెప్పాలి. సినిమా రీళ్ల పెట్టె ఖమ్మం నుంచి బస్సు మీద వచ్చేది, అదీ గురువారం సాయంత్రానికి. ఆటో మాత్రం మంగళవారమే బయల్దేరాలి. అంటే నేను రాసే మాటలన్నీ సినిమా చూడకుండా రాసేవే. గోడ పోస్టరు, హాలు ముందు అంటించే నాలుగు ఫొటోలు, అంతే నాకు దొరికేవి. వాటిని పట్టుకుని కథ ఊహించాలి. దీన్ని తప్పని ఎవరూ అనుకునేవాళ్లు కాదు. నేనూ అనుకోలేదు.

పైగా నాకది ఇష్టంగా ఉండేది. నా డైరీలో ఎడమ పేజీ మీద రాబోయే సినిమా ఎలా ఉంటుందో రాసుకునేదాన్ని. శుక్రవారం మ్యాట్నీ మొదలై కౌంటరు మూశాక, వెనక తలుపు దగ్గర నిలబడి చూసి, అది ఎలా ఉందో కుడి పేజీ మీద రాసేదాన్ని. ఎడమ పేజీ ఎప్పుడూ నిండిపోయేది. కుడి పేజీలో ఒక్కోసారి ఒకే వాక్యం. 'పోస్టర్లో పడవ ఉంది. సినిమాలో లేదు.' 'దెయ్యం కంటే హీరో బావమరిది ఎక్కువ భయపెట్టాడు.' 'హీరోయిన్ బాగా చదువుకున్నదట. ఆమె చేతిలో పుస్తకం ఒక్కసారీ చూపించలేదు.' సినిమా బాగా లేకపోతే నాకు కోపం రాదు, సిగ్గు వేస్తుంది. చుట్టాలను భోజనానికి పిలిచి పొయ్యి వెలిగించని ఇల్లాలి సిగ్గు లాంటిది.

మా ఆపరేటర్ నన్ను చూసి జాలిపడేవాడు. "ఎందుకమ్మా గంత ఆశ పెట్టుకుంటవ్? నన్ను చూడు. రీలు తెగకుంట తిరిగిందా, మంచి సినిమా. తెగిందా, చెడ్డ సినిమా. ఖతం."

వాగు అవతల అడవిలో ఒక ఊరుంది. ఆ ఊరి ఆడవాళ్లు ఏడాదికి ఒకే ఒక సినిమా చూసేవాళ్లు. ఎండాకాలంలో బీడీలు చుట్టే తునికాకు కోత అయిపోయాక అందరూ కలిసి ఒక ట్రాక్టరు ఎక్కి మా హాలుకు వచ్చేవాళ్లు. ఏ సినిమాకు రావాలన్నది మగవాళ్లు చెప్పడానికి లేదు. ఊరి మొదట్లో చాచా ఆటోనూ మైకునూ ఆపేస్తే, ఆడవాళ్లు చుట్టూ చేరి మూడు ప్రశ్నలు అడిగేవాళ్లు. అడవి జంతువు ఉన్నదా? పాటల్లో ఒకటన్నా ఇంటికి పోయి పాడుకునేటట్టు ఉంటదా? ఆఖరికి తల్లి బతుకుతదా? మూడో ప్రశ్నకు జవాబు సరిగా లేకపోతే ఆ సినిమా వాళ్లకు వద్దు. ఏడాదికి ఒక్కటే కదా, బరువైన గుండెతో వాగు దాటి ఇంటికి పోవడం ఎందుకు అన్నది వాళ్ల లెక్క. అందుకని చాచా అడిగి మరీ ఆ మూడింటికీ జవాబులు కాగితం అడుగున నాచేత రాయించుకుని వెళ్లేవాడు. రెండేళ్లు మా అదృష్టం బాగుంది. నా ఊహలు కలిశాయి.

మూడో ఏడాది మే నెలలో ఆ పోస్టరు వచ్చింది.

గోడంత పోస్టరు. మధ్యలో పసిబిడ్డను ఎత్తుకున్న తల్లి, వెనక చీకటి అడవి, ఆ చీకట్లో రెండు పులి కళ్లు. హీరో ఎక్కడో మూలన చిన్నగా ఉన్నాడు. నేను అంత ఆశపడిన పోస్టరు ఇంకోటి లేదు. ఆ వారం డైరీలో ఎడమ పేజీ చాలక నాలుగు పేజీలు రాశాను. చాచాకు ఇచ్చిన కాగితంలో, 'బిడ్డ కోసం పులికి ఎదురు నిలిచిన తల్లి! తల్లిని చూసి తల వంచిన పులి!' అని రాశాను. అడుగున మూడు జవాబులు: పులి ఉంది. జోలపాట ఉంది. తల్లి బతుకుతుంది. అంత పెద్దగా వేసిన తల్లిని ఎవరైనా ఎందుకు చంపుతారు అనుకున్నాను.

చాచా ఆ ఊరి నుంచి ఉత్సాహంగా తిరిగొచ్చాడు. "బేటీ, ఈసారి ట్రాక్టరు కాదు, రెండు ట్రాక్టర్లంట! పులి ఎంతసేపుంటది అని అడిగిన్రు. ఫుల్లుగ ఉంటది అని చెప్పిన. తప్పు లేదు గద?"

"లేదు చాచా" అన్నాను. పులి కళ్లు అంతంత ఉన్నాయి మరి.

శుక్రవారం మ్యాట్నీకి రెండు ట్రాక్టర్ల ఆడవాళ్లు వచ్చారు. కొప్పుల్లో పూలు, కొత్త చీరలు, సంచుల్లో ఉడికించిన పల్లికాయలు. కౌంటరు కంతలోకి వరసగా ఆకు మరకలున్న చేతులు వచ్చాయి. అన్ని చేతుల తర్వాత ఒక ముసలి చెయ్యి వచ్చింది. మోచేతి దాకా పచ్చబొట్లు. "బిడ్డా, పులి దగ్గరగ కనబడే తావుల కూసోబెట్టు" అన్నదా గొంతు. ఆమె ఆ ఊరి పెద్దావిడ. అందరూ అవ్వ అనేవాళ్లు.

కౌంటరు మూసి నేనూ వెనక తలుపు దగ్గర నిలబడ్డాను.

సినిమా మొదలైన పావుగంటకు పులి వచ్చింది. రావడం అంటే పొదలోంచి తల బయటపెట్టింది. అందరూ ముందుకు వంగారు. ముందు వరసలోంచి ఎవరో అన్నారు: "దాని తోక చూడుండ్రే. తోక కదలదేంది?"

"చెవులు గూడ కదుల్తలేవు."

"పాపం, పానం బాగలేదేమో."

"పానమే లేదే దానికి! గడ్డి కుక్కిన్రు!"

రెండు ట్రాక్టర్ల ఆడవాళ్లూ ఒక్కసారి నవ్వారు. పులిని చూసి అడవంతా నవ్వినట్టు అనిపించింది. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగకముందే గడ్డి పులి దూకింది, తల్లి చనిపోయింది. పిల్లవాడు పరుగెత్తుతూ పరుగెత్తుతూ పెద్దవాడై, హీరోగా మారి, పట్నంలో మోటారు సైకిలు మీద తేలాడు. ఆ తర్వాత అడవి లేదు. మంచు కొండల మీద రెండు పాటలు, గోదాముల్లో కొట్లాటలు. జోలపాట లేనే లేదు.

వాళ్లు ఇంటర్వెల్లో లేచిపోతారనుకున్నాను. ఒక్కరూ లేవలేదు. సినిమా అయిపోయి తెర తెల్లబడి, మిగతా జనమంతా వెళ్లిపోయాక కూడా వాళ్లు కూర్చునే ఉన్నారు. ఆపరేటర్ పైనుంచి తొంగి చూశాడు. "అయిపోయిందమ్మా. లెవ్వుండ్రి."

"తల్లి ఏది?" అన్నది అవ్వ.

"సచ్చిపోయింది గదా అవ్వా, మొదట్లనే."

"బతుకుతదని చెప్పిన్రు. యాడనో దాసిపెట్టి ఆఖర్ల చూపెడ్తరని కూసున్నం."

ఆపరేటర్ దీపాలన్నీ వేశాడు.

గేటు దగ్గర చాచా ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు, మెచ్చుకుంటారని. అవ్వ ఆయన ముందు ఆగింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "మైకాయనా, మా ఏడాది సినిమా పాడు చేసినవ్. లేచి పోదామని మంది పోరితే గూడ నేను నీ మాటనే పట్టుకున్న. ఇగ వాగు దాటి రాకు."

చాచా కళ్లు ఒక్క క్షణం నా కౌంటరు వైపు తిరిగాయి. నేను ఆ కౌంటరు గోడ పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్క మాట అంటే చాలు. నాకు నోరు పెగల్లేదు. ఆయన ఆ కళ్లను అలాగే అవ్వ మీదికి తిప్పుకున్నాడు. "అవ్ అవ్వా. తప్పు నాదే" అన్నాడు.

చెల్లెళ్లూ, ఉద్యోగంలో నేను చేసిన తప్పు చూడకుండా రాయడం అనుకుంటున్నారేమో. కాదు. గోడ పక్కన అలా నిలబడటమే నా తప్పు.

తర్వాతి మంగళవారం ఆటో వాగు దగ్గర నుంచే తిరిగొచ్చింది. బండ్లబాటకు అడ్డంగా ముళ్లకంప వేశారట. ఆ బాట మూసుకుంటే దాని వెనకున్న ఐదారు ఊళ్లూ మూసుకున్నట్టే. మేనేజర్ గారు లెక్కగా ఆలోచించే మనిషి. "ఇంకెందుకండీ ఆటో? గోడ మీద పోస్టర్లు చాలు. వచ్చేవారంతో ఆపేద్దాం" అన్నారు. చాచా మైకు తీగ మోచేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. చాలా నెమ్మదిగా, ఎక్కడా మెలిక పడకుండా చుట్టాడు.

నేను మేనేజర్ గారి బల్ల దగ్గరికి వెళ్లాను. "ఆ మాటలు నేను రాశానండీ" అన్నాను. అప్పటికి మూడేళ్లలో నా అంతట నేను ఆయనతో అన్న మొదటి వాక్యం అదేననుకుంటాను.

"తెలుసు కదమ్మా. నువ్వు రాస్తావని అందరికీ తెలుసు."

"వాళ్లకు తెలియదండీ."

ఆయన నన్ను కిందికీ పైకీ చూశారు. "అయితే వెళ్లి చెబుతావా? నువ్వు?" అని నవ్వారు. ఎగతాళి కాదు, నిజంగానే ఆశ్చర్యపోయారు. ఆ నవ్వే లేకపోతే నేను వెళ్లి ఉండేదాన్ని కాదేమో.

బుధవారం పొద్దున్నే చాచా ఆటోలో ఆయన వెనక కూర్చుని వెళ్లాను. దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో రాసుకుంటూ కొట్టేసుకుంటూ ఉన్నాను. వాగు ఎండిపోయి ఉంది. కంప అలాగే ఉంది. దాని అవతల చెట్ల నీడన ఆడవాళ్లు ఇప్పకాయలు కొట్టి పలుకులు తీస్తున్నారు. ఆటో చప్పుడుకు అందరూ తలెత్తారు. అవ్వ లేవలేదు.

"చెప్పిన గదా రావద్దని!"

"నేను రాలే అవ్వా, ఈ బిడ్డను తెచ్చిన. నీతోని మాట్లాడ్తదంట" అన్నాడు చాచా.

నేను దిగి మాట్లాడాను. పెదవులు కదిలాయి. నాకే వినిపించలేదు.

"ఏంది? గాలి మింగుతున్నదా?" అని ఒకామె అన్నది. అందరూ నవ్వారు. చాచా నా అవస్థ చూసి, అలవాటు కొద్దీ, మైకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. అది ఆన్‌లో ఉందని నేను చూసుకోలేదు.

"ఆ మాటలు నేను రాసిన! సినిమా చూడకుంట రాసిన!"

నా గొంతు అడవి మీదుగా వెళ్లి గుట్టకు తగిలి వెనక్కి వచ్చింది. చెట్ల మీద కాకులు లేచాయి. దూరంగా మేకలు కాస్తున్న మనిషి "ఎవరే అది?" అని కేక వేశాడు. నేను మైకు చాచా చేతిలో పడేసి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాను. అవతల ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు.

"కంత లోపటి పిల్లవా నువ్వు?" అన్నది అవ్వ. "చేతులు గుర్తువట్టిన. ఇటు రా. కంప పక్కకెల్లి రా, గుచ్చుకుంటది."

వెళ్లి ఆమె ముందు కూర్చున్నాను.

"చూడకుంట ఎట్ల రాసినవే?"

"బొమ్మ చూసి అవ్వా."

"బొమ్మ చూసి పిల్లనే ఇయ్యరు. నువ్వు సినిమాకే మాట ఇచ్చినవా?"

"తప్పయింది. చాచాది ఏం లేదు. నేను రాసిందే చదివిండు."

అవ్వ ఇంకో నాలుగు కాయలు కొట్టింది. చాచా కంప అవతలే నిలబడి చెప్పుతో మట్టి గీరుతున్నాడు. చివరికి ఆమె అడిగింది. "ఆ బొమ్మ చూసి నీకేం కథ దొరికింది? తల్లి బతుకుతదని ఎట్ల అనుకున్నవ్? చెప్పు, వింటం."

ఆ నాలుగు పేజీలు నాకు కంఠతా వచ్చు. కాయలు కొట్టే చప్పుడు మధ్య మెల్లగా మొదలుపెట్టాను. ఒక తల్లి బిడ్డను వీపున కట్టుకుని ఆకు కోతకు పోతుంది. చెట్టు నీడన బిడ్డను పడుకోబెట్టి రెండు అడుగులు వేసిందో లేదో, ఎదురుగా పులి.

"పులి ఏం చేసింది?"

"ఉరికి వచ్చింది..."

"ఉరకదు" అన్నది అవ్వ. "నిలబడ్తది. నిన్ను చూస్తది. నా పెండ్లి కాకముందు నేను చూసిన. తోక కొస ఒక్కటే గిట్ల ఆడ్తది." తన చూపుడువేలు ఆడించి చూపించింది. ఆ వేలిని చూస్తే నిజంగానే భయం వేసింది.

"అయితే నిలబడ్డది" అన్నాను. "తల్లి కూడా నిలబడ్డది."

"బిడ్డ లేస్తే ఏడుస్తది గదా?" అని ఇంకో ఆమె.

"ఏడవకుండా తల్లి పులిని చూసుకుంటనే జోలపాట ఎత్తుకున్నది."

"ఏం పాట?"

అది నేను రాసుకోలేదు. పోస్టర్లో పాట ఉండదు కదా. అప్పుడు వాళ్లలో ఒక చిన్నది, ఒళ్లో బిడ్డ ఉన్న పిల్ల, వాళ్లు ఇళ్లలో మాట్లాడుకునే భాషలో సన్నగా ఒక పాట ఎత్తింది. నాకు ఒక్క మాట అర్థం కాలేదు. కాయలు కొట్టే చేతులన్నీ ఆగిపోయాయి. ఆ పాట అయ్యేదాకా పులి అక్కడే నిలబడి ఉందని నేను ఇప్పటికీ నమ్ముతాను.

తర్వాత కథ నా చేతుల్లో లేదు. పులికి కూడా పిల్లలున్నాయని ఒకామె అన్నది. నీళ్లు లేక ఇంత దూరం వచ్చిందని మరొకామె. ఆకు కట్టల లెక్క తగ్గించి రాసే కల్లందారును పులికి చూపించాలని ఇంకొకామె పట్టుబట్టింది. దానికి ఎక్కువమంది ఒప్పుకున్నారు. చివరికి పులి తన దారిన పోయింది, తల్లి బిడ్డను ఎత్తుకుని ఇంటికి వచ్చింది.

"తల్లి బతికింది" అన్నది అవ్వ, లెక్క సరిచూసుకున్నట్టు.

"బతికింది అవ్వా."

"పులి ఉన్నది. పాట ఉన్నది." ఆమె ఒడిలోని పొట్టు దులుపుకుని లేచింది. "మా ఏడాది సినిమా అయింది పో. మైకాయనా, ఏం చూస్తున్నవ్? కంప గుంజు."

చాచా ఒక్కడే ఆ కంపను ఎలా లాగాడో తెలియదు, ఇస్త్రీ చొక్కా భుజం దగ్గర చిరిగింది. అయినా నవ్వు దాచుకుందామంటే పెదవులు ఆయన మాట వినడం లేదు. ఆటో లోపలికి వస్తుంటే అవ్వ చక్రానికి అడ్డంగా చెయ్యి పెట్టింది. "మైకు పెట్టుకుంటనే పో. ముందటి ఊర్లోళ్లు వినాలె, మేం తొవ్వ ఇడిచినమని. ఇంకోటి. చూస్తే చూసినమని చెప్పు. చూడకుంటే చూడలేదని చెప్పు."

ఆ వారం సినిమా పెట్టె ఇంకా రాలేదు. నా దగ్గర కాగితం కూడా లేదు. చాచా మైకు నోటి దగ్గర పెట్టుకుని నా వైపు చూశాడు, నేను తల ఊపాను.

"సోదరీ సోదరులారా! ఈ శుక్రవారం మన ఊరి హాలులో కొత్త సినిమా! దాన్ని మేం ఇంకా చూడలేదు! బొమ్మల ఒక రైలు ఉన్నది! సినిమాల ఉంటదో ఉండదో మాకు తెల్వదు!"

మేనేజర్ గారు ఈ సంగతి తెలిసి వారం రోజులు నాతో మాట్లాడలేదు. నాకు అది పెద్ద శిక్షలా అనిపించలేదు. ఆ శుక్రవారం రైలు ఉందో లేదో చూద్దామని జనం బాగానే వచ్చారు.

కానీ అది తర్వాతి మాట. ఆ రోజు మేము అడవిలో ముందుకు పోతుంటే, రెండో ఊరి మొదట్లో కట్టెల మోపు దించుకుని నిలబడ్డ ఒక పెద్దాయన చెయ్యెత్తి ఆటో ఆపాడు.

"చూడలేదు, తెల్వదు అనుకుంట మరెందుకు తిరుగుతున్నరయ్యా?"

చాచా చిరిగిన చొక్కా సర్దుకుని, ఎంతో మర్యాదగా జవాబు చెప్పాడు.

"అదే చెప్పనీకి తిరుగుతున్నం."